నోట్స్ యాప్ నిండిపోయింది, ఐదేళ్ల కొలతలు పోకుండా ఫోన్ ఖాళీ చేయడం ఎలా?

సరూర్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. వయసు నలభై ఏడు, ఇంటి ముందు గదిలోనే టైలరింగ్, సాయంగా ఇద్దరు అమ్మాయిలు. బ్లౌజులు ఎక్కువ, పెళ్లిళ్లప్పుడు మగ్గం వర్క్ బయట చేయించి తను కుట్టిస్తారు. 2020 అక్టోబరు వానలకు చెరువు నీళ్లు కాలనీలోకి వచ్చినప్పుడు పదిహేనేళ్ల కొలతల రిజిస్టర్లు తడిసి ముద్దయిపోయాయట. ఆ తర్వాత వాళ్లబ్బాయి 64 జీబీ సామ్‌సంగ్ ఫోన్ కొనిచ్చి, "ఇక పుస్తకాలొద్దు, అన్నీ ఇందులో పెట్టుకో అమ్మా" అని సామ్‌సంగ్ నోట్స్ ఎలా వాడాలో చూపించాడు. అప్పటి నుంచి కస్టమర్‌కి ఒక నోట్. అందులో కొలతలు రాసిన కాగితం ఫోటో, ఆది జాకెట్ ఫోటో, గుడ్డ ఫోటో, వాళ్లు వాట్సాప్‌లో పంపిన డిజైన్లు, వీటితో పాటు కస్టమర్ నోటితో చెప్పిన మాటల రికార్డింగ్. "బోట్ నెక్ అని చెప్పి, తీరా కుట్టాక నేను అలా చెప్పలేదే అనేవాళ్లు ఎక్కువైపోయారండీ, అందుకే రికార్డు చేసి పెట్టుకుంటున్నాను" అని రాశారు. నాకు బాగా నచ్చింది ఈ పద్ధతి.

ఇప్పుడు కష్టం ఏమిటంటే ఫోన్ నిండిపోయింది. "స్టోరేజ్ ఫుల్" అని రోజూ వస్తోంది. ఫోటో తీస్తే సేవ్ కావడం లేదు, వాట్సాప్‌లో ఒక పెళ్లివాళ్లు పంపిన డిజైన్ డౌన్‌లోడ్ కాక, ఈవిడ చూసి ఒప్పుకునేలోపు వాళ్లు ఇంకో చోట ఇచ్చేశారు. స్క్రీన్‌షాట్ తీయడానికి కూడా చోటు లేక లెక్కలు కాగితం మీద రాసుకుని నాకు పంపారు: సామ్‌సంగ్ నోట్స్ 11 జీబీ, వాట్సాప్ లోపల చూస్తే 17 జీబీ, ట్రాష్‌లో 2 జీబీ, మిగతాది సిస్టమ్, ఇతర యాప్స్, ఫోటోలు. దగ్గర్లోని ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్తే అతను నోట్స్ యాప్ తెరిచి "ఇదేనమ్మా తినేస్తోంది, క్లియర్ డేటా కొడితే అయిపోతుంది, లేదా ఫార్మాట్ చేస్తా, కొత్త ఫోన్‌లా అవుతుంది" అన్నాడట. ఈవిడకి అనుమానం వచ్చి ఫోన్ లాక్కుని వచ్చేశారు. ఇంటాయన "అన్నీ డిలీట్ చేసేసి మళ్లీ పుస్తకంలో రాసుకో" అంటున్నారు. బెంగళూరులో ఉన్న అబ్బాయి "ఆ ఫోన్ పడేయమ్మా, కొత్తది పంపిస్తా" అని విసుక్కుంటున్నాడు. ఆషాఢం అయిపోవస్తోంది, శ్రావణం మొదలైతే ఊపిరాడదు. ఏం చేయమంటారు, ఏది తీస్తే ఏది పోతుంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు అని అడిగారు.

అమ్మా, ముందు ఒక మాట. ఫోన్ లాక్కుని రావడం చాలా మంచి పని. అతను ఆ బటన్ నొక్కి ఉంటే మీకు సమాధానం రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి సామ్‌సంగ్ నోట్స్ మీద నొక్కి, స్టోరేజ్ తెరిస్తే అడుగున రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి క్లియర్ క్యాష్, ఇంకోటి క్లియర్ డేటా. పక్కపక్కనే ఉన్నాయి కదా అని రెండూ ఒక జాతివి అనుకుంటారు చాలామంది. క్యాష్ అంటే కటింగ్ టేబుల్ మీద మీరు గీసిన సుద్ద గీతలు, తుడిచేసినా మళ్లీ గీసుకోవచ్చు. డేటా అంటే కస్టమర్ ఇచ్చిన గుడ్డ. క్యాష్ ఎప్పుడు క్లియర్ చేసినా మీ నోట్ ఒక్కటి కూడా పోదు, కాకపోతే నోట్స్ యాప్‌లో క్యాష్ పెద్దగా ఉండదు, దానివల్ల మీకు కలిసొచ్చేది కొద్దిగానే. క్లియర్ డేటా నొక్కితే మాత్రం ఆ యాప్‌లో ఉన్న నోట్స్ అన్నీ, రికార్డింగులతో సహా, ఫోన్‌లోంచి పోతాయి, ట్రాష్‌లోకి కూడా వెళ్లవు. సింక్ ఆన్‌లో ఉండి, అంటే ఫోన్‌లో ఉన్నవి ఇంటర్నెట్ మీద కంపెనీ దగ్గరుండే నిల్వకి (దాన్నే క్లౌడ్ అంటారు) కాపీ అయ్యేట్టు పెట్టి ఉండి, అన్నీ అక్కడికి చేరి ఉంటేనే తిరిగి వస్తాయి. మీ ఉత్తరంలో సింక్ అన్న మాటే లేదు. అంటే అది ఆఫ్‌లోనే ఉండి ఉంటుందని, ఐదేళ్ల కొలతలకి ఈ ఫోన్ ఒక్కటే ఆధారం అని అనుకునే ముందుకి పోదాం. యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా, ఫోన్ ఫార్మాట్ చేసినా ఇదే కథ.

ఇక్కడే నాకు మీ అసలు సమస్య స్టోరేజ్ కాదనిపిస్తోంది. 2020లో రిజిస్టర్లు పోయినప్పుడు మీరు, మీ అబ్బాయి కూడా, కాగితం నమ్మలేం, ఫోన్ నమ్మొచ్చు అనుకున్నారు. కానీ ఆ రోజు పోవడానికి కారణం కాగితం కాదు, ఉన్నదంతా ఒకే గదిలో ఒకే చోట ఉండడం. ఇప్పుడూ అంతే, గది బదులు ఫోన్. ఆటోలో మర్చిపోయినా, నీళ్ల బకెట్‌లో పడినా, షాపులో ఒక కుర్రాడు తప్పు బటన్ నొక్కినా అంతే సంగతులు. అందుకని చోటు ఖాళీ చేయడం, రెండో కాపీ పెట్టడం, రెండూ కలిపి ఒకే పనిగా చేద్దాం, ఒకటి చేసి ఇంకోటి వదిలేస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు.

అయితే మొదలుపెట్టేది నోట్స్ దగ్గర కాదు. నోట్స్‌ని కాపీ తీయాలన్నా, పీడీఎఫ్‌గా మార్చాలన్నా ఫోన్‌లో ముందు కొంచెం ఖాళీ ఉండాలి. మీకు ఇప్పుడు స్క్రీన్‌షాట్‌కే చోటు లేదు. కాబట్టి మొదటి పూట నోట్స్ జోలికి పోకండి.

ట్రాష్‌లో 2 జీబీ ఉందన్నారు కదా, అది చూడండి. గ్యాలరీలో మీరు డిలీట్ చేసిన ఫోటోలు నిజంగా పోవు, 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అన్నాళ్లూ చోటు తింటూనే ఉంటాయి. మై ఫైల్స్ యాప్‌కీ ఒక ట్రాష్ ఉంది, నోట్స్‌కీ ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో డివైస్ కేర్, అందులో స్టోరేజ్ తెరిస్తే ట్రాష్ అంతా ఒక చోట కనిపిస్తుంది. ఒకసారి తిరగేసి, పొరపాటున పడినవి ఏమైనా ఉంటే వెనక్కి తెచ్చుకుని, మిగతాది ఖాళీ చేసేయండి. దీంతో ఆ 2 జీబీ అప్పటికప్పుడు వస్తుంది, ఫోన్ కాస్త ఊపిరి పీలుస్తుంది.

తర్వాత వాట్సాప్. మీ కాగితం లెక్కలోనే నోట్స్ 11, వాట్సాప్ 17 అని ఉంది, మరి షాపతను నోట్స్‌నే ఎందుకు పట్టుకున్నాడో నాకర్థం కాలేదు. (ఒక చిన్న విషయం, గ్యాలరీ చూపించే ఫోటోల లెక్కలో వాట్సాప్ ఫోటోలు కూడా కలిసి ఉంటాయి, రెండూ విడివిడిగా కూడితే మొత్తం తప్పుతుంది, కంగారు పడకండి.) వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. పైన 5 ఎంబీ కంటే పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది, కింద ఏ చాట్ ఎంత తింటోందో పెద్దది నుంచి చిన్నదాకా వరుసగా ఉంటుంది. ఆ వరుసలో పైన కస్టమర్లు కాదు, కుటుంబం గ్రూపు, కాలనీ గ్రూపు, డిజైన్ల గ్రూపులు ఉంటాయని నేను పందెం కాయగలను. గుడ్ మార్నింగ్ ఫోటోలు, బోనాల వీడియోలు, గృహప్రవేశాల వీడియోలు, ఇవన్నీ నిశ్చింతగా తీసేయొచ్చు. మీరు పంపినవి కూడా ఫోన్‌లో ఇంకో కాపీగా ఉంటాయి, అవీ ఇక్కడే కనిపిస్తాయి. కస్టమర్ చాట్లు మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. గ్రూపుల మీడియా తీసేసి, ఆటో డౌన్‌లోడ్‌లో ఫోటోలు, వీడియోలు ఆఫ్ చేసేయండి. దానివల్ల ఇకమీద ప్రతి డిజైన్ మీరే నొక్కి దింపుకోవాలి, అది కొంచెం విసుగు, కానీ ఎవరో పంపిన పెళ్లి ఊరేగింపు వీడియో మీకు తెలియకుండా దిగదు.

ఇంతవరకే చేసి ఆగిపోయినా శ్రావణం గట్టెక్కుతారు. నిజం చెప్పాలంటే ఇది ఒక దారి. పది జీబీ పైన ఖాళీ రావడానికి అవకాశం ఉంది, నోట్స్ ఒక్కటి కూడా కదలదు, ప్రమాదం లేదు. కానీ రెండో కాపీ లేదు అన్న ముప్పు అలాగే ఉంటుంది, దసరా, బతుకమ్మ, కార్తీకం పెళ్లిళ్లు అయ్యేసరికి మళ్లీ నిండుతుంది. పని ఒత్తిడి మరీ ఎక్కువగా ఉంటే ఇప్పుడు ఇంత చేసి, కింద చెప్పే రెండో కాపీ ఒక్కటి పెట్టుకుని, మిగతాది పుష్యమాసంలో పెట్టుకోండి, అప్పుడెలాగూ పెళ్లిళ్లు ఉండవు.

రెండో కాపీకి తేలికైనది సింక్. సామ్‌సంగ్ నోట్స్ తెరిచి, మూడు గీతల మీద నొక్కి, గేర్ బొమ్మలోకి వెళ్తే సామ్‌సంగ్ క్లౌడ్‌తో సింక్ అన్నది ఉంటుంది. దాన్ని ఆన్ చేసే ముందు ఒకటి చూసుకోండి, ఆ ఫోన్‌లో ఉన్న సామ్‌సంగ్ అకౌంట్ ఎవరిది? సెట్టింగ్స్ తెరవగానే పైన పేరు కనిపిస్తుంది. ఫోన్ సెట్ చేసిందే మీ అబ్బాయి కాబట్టి అతని పేరే ఉండొచ్చు. అలా ఉంటే మీ కస్టమర్ల నోట్స్ అన్నీ అతని అకౌంట్‌లోకి వెళ్తాయి, రేపు మీరు ఫోన్ మారిస్తే అతని పాస్‌వర్డ్ కావాలి, అతని ఫోన్ సామ్‌సంగ్ అయితే మీ ఆది జాకెట్లు అతని ఫోన్‌లో ప్రత్యక్షమవుతాయి. మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ నంబర్‌తో అకౌంట్ పెట్టుకోండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. కాగితాన్ని వాడాల్సిన చోటు ఇది. అకౌంట్ మార్చేటప్పుడు ఫోన్ ఏ ప్రశ్న అడిగినా "డిలీట్" అన్న మాట కనబడితే ఆగి, అబ్బాయికి వీడియో కాల్ చేసి అతను చూస్తుండగా నొక్కండి. ఆ తర్వాత వైఫైలో ఉన్నప్పుడే సింక్ అయ్యేట్టు పెట్టి, రాత్రి చార్జింగ్‌లో వదిలేయండి, 11 జీబీ అంటే ఒక్క రాత్రిలో కాకపోవచ్చు.

కానీ సింక్ గురించి రెండు భ్రమలు చాలామందికి ఉంటాయి. క్లౌడ్‌లోకి పంపితే ఫోన్‌లో చోటు వస్తుందనుకుంటారు. రాదు. నోట్ అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. రెండోది ఇంకా ప్రమాదం: క్లౌడ్‌లో ఉంది కదా అని ఫోన్‌లో డిలీట్ చేస్తారు. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం, కాబట్టి ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉండి తర్వాత పూర్తిగా పోతుంది. కాబట్టి సింక్ మిమ్మల్ని ఫోన్ పోవడం నుంచి కాపాడుతుంది, మీ చేతి పొరపాటు నుంచి కాపాడదు.

అందుకే మీకు పాత నోట్స్‌ని బయటికి తీసి పెట్టే పద్ధతి కూడా కావాలి. నోట్‌ని వేలుతో నొక్కి పట్టుకుంటే సెలెక్ట్ అవుతుంది, ఇంకొన్ని కూడా సెలెక్ట్ చేసుకుని షేర్ గానీ, ఫైల్‌గా సేవ్ గానీ నొక్కితే ఏ రూపంలో కావాలో అడుగుతుంది. పీడీఎఫ్ అంటే ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, అవసరమైతే ప్రింట్ తీసుకోవచ్చు. నోటంతా, ఫోటోలతో సహా, అందులోకి వస్తుంది. రికార్డింగులు మాత్రం రావు. పీడీఎఫ్ తీశాను కదా అని నోట్ డిలీట్ చేస్తే ఆ బోట్ నెక్ సాక్ష్యం కూడా పోతుంది. రికార్డింగ్‌తో సహా కావాలంటే సామ్‌సంగ్ నోట్స్ ఫైల్‌గానే సేవ్ చేయాలి, అది మళ్లీ సామ్‌సంగ్ నోట్స్‌లోనే సరిగ్గా తెరుచుకుంటుంది.

ఎక్కడ పెట్టాలి? గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం, అయితే అందులోనే మీ జీమెయిల్, గూగుల్ ఫోటోస్ కూడా పంచుకుంటాయి, ఎంత మిగిలిందో చూసుకోండి. పెన్‌డ్రైవ్ లేదా మెమరీ కార్డ్ ఇంకో దారి, మీ ఫోన్‌లో కార్డు పెట్టే చోటు ఉంటే పాత ఫోటోలు కూడా దానిలోకి మార్చొచ్చు, కెమెరా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ లొకేషన్ ఎస్‌డీ కార్డ్ అని పెడితే కొత్త ఫోటోలు నేరుగా అందులోకే వెళ్తాయి. నోట్స్ యాప్ లోపలి డేటా మాత్రం కార్డులోకి మారదు, "కార్డ్ వేస్తే నోట్స్ అందులోకి పోతాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. కార్డ్ కొనేటప్పుడు రోడ్డు పక్కన రెండు వందలకి 512 జీబీ అని అమ్మేవి అసలు కొనొద్దు, వాటిలో పైకి చూపించే సైజు ఒకటి, నిజంగా ఉండేది ఒకటి, కొంత నిండాక రాసినదల్లా చెడిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ కోఠిలో గానీ బిల్లు ఇచ్చే షాపులో 64 జీబీది తీసుకున్నా మీకు చాలు. కార్డులూ ఏదో ఒక రోజు ఆగిపోతాయి కాబట్టి, డ్రైవ్‌లో ఒకటి, కార్డులో ఒకటి ఉంటే నాకు నిశ్చింత.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఆ 11 జీబీ ఎక్కడి నుంచి వచ్చింది? అక్షరాల నుంచి కాదు. కంప్యూటర్ లెక్కలో ఒక తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం ఉంటే ఇంకో 3. షోల్డర్, చెస్ట్, వెయిస్ట్, ఆర్మ్ హోల్, చేతి పొడవు, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ, ఫుల్ లెంత్, పేరు, ఫోన్ నంబర్, "ఎడమ భుజం కొంచెం జారుగా" లాంటి ఒక ముక్క, అన్నీ కలిపి ఎంత రాసినా ఒక కస్టమర్‌కి ఒక కేబీ దగ్గర ఆగుతుంది. అంటే వెయ్యి మంది కస్టమర్ల కొలతలు అక్షరాల్లో రాస్తే ఒక ఎంబీ. మీ కెమెరా తీసే మామూలు 12 మెగాపిక్సెల్ ఫోటో ఒక్కటే మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. కొలతలు రాసిన కాగితాన్ని ఫోటో తీశారు చూడండి, ఒకరి కొలతల ఫోటో పెట్టిన చోట మూడు వేల మంది కొలతలు పడతాయి.

కెమెరాలో 48 మెగాపిక్సెలో 50 మెగాపిక్సెలో అన్న ఆప్షన్ పొరపాటున ఆన్‌లో ఉంటే ఒక్కో ఫోటో పది ఎంబీ దాటుతుంది, కెమెరా తెరిచి సైజుల దగ్గర అది లేకుండా చూసుకోండి, గుడ్డ రంగు చూడడానికి మామూలు ఫోటో చాలు. ఇంకో సంగతి, నోట్‌లో ఫోటో పెట్టినప్పుడు యాప్ తనకంటూ ఒక కాపీ చేసుకుంటుంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఒక డిజైన్‌ని మీరు నోట్‌లో పెట్టారంటే వాట్సాప్ ఫోల్డర్‌లో ఒకటి, నోట్‌లో ఒకటి, మధ్యలో క్రాప్ చేసి సేవ్ చేసి ఉంటే గ్యాలరీలో మరొకటి. గ్యాలరీలోది తీసేసినా నోట్‌లోది పోదు. అమ్మాయిలకి ఈ పని అప్పజెప్పొచ్చు: నోట్‌లో ఉందని చూసుకున్న ఫోటోని గ్యాలరీలో తీసేయడం. నోట్స్‌లో మాత్రం మీరు తప్ప ఎవరూ డిలీట్ నొక్కకూడదని గట్టిగా చెప్పండి.

రికార్డింగులు. "ఒక్కోసారి ఆపడం మర్చిపోతాను, మిషన్ చప్పుడంతా రికార్డయిపోతుంది" అని మీరే రాశారు. మామూలు నాణ్యతలో, అంటే 128 కేబీపీఎస్‌లో, గంట రికార్డింగ్ దాదాపు 58 ఎంబీ. కస్టమర్ మాట రెండు నిమిషాలు, మిషన్ మోత మూడు గంటలు, అలాంటివి ఒక వంద ఉన్నా చాలు 17 జీబీ అవుతాయి, మీ నోట్స్ అంతా కలిపి 11 కాబట్టి అన్ని లేవన్నమాట, కానీ ఎన్నో కొన్ని ఉన్నాయి. నోట్స్ తెరిచి పొడవాటి రికార్డింగులు ఎక్కడున్నాయో ముందు వాటినే వెతకండి, తక్కువ పనితో ఎక్కువ చోటు వచ్చేది అక్కడే. అసలు రికార్డింగ్ ఎంతకాలం ఉంచాలి అన్నది మీ వ్యాపారం మీద ఆధారపడి ఉంటుంది. నా ఉద్దేశంలో బ్లౌజు తీసుకుని, వేసుకుని, డబ్బులిచ్చి, ఆల్టరేషన్ ఏమైనా ఉంటే అయిపోయి, ఒక నెల దాటాక ఆ గొంతుతో పనిలేదు. రెండేళ్ల కిందటి బోట్ నెక్ గురించి ఇప్పుడెవరూ పేచీ పెట్టరు. మాట మార్చే అలవాటున్న ఇద్దరు ముగ్గురివి ఉంచుకుంటే ఉంచుకోండి, అది మీకే తెలుసు. అన్నట్టు రికార్డు చేసేటప్పుడు వాళ్లకి చెప్పే చేస్తున్నారా? చెప్పి చేస్తే మాట మార్చడం అక్కడే సగం తగ్గుతుంది, తర్వాత ఎవరైనా "నాకు చెప్పకుండా రికార్డు చేశావా" అని గొడవ పడే అవకాశం ఉండదు.

దీని నుంచి ఇంకో దారి తేలుతోంది. ఫోటోల్లో ఉన్న కొలతలని అక్షరాల్లోకి మార్చడం. నోట్ తెరిచి, ఫోటో చూస్తూ, అదే నోట్‌లో పైన కొలతలు టైప్ చేసి, ఒకసారి సరిచూసి, కాగితం ఫోటో తీసేయడం. ఆది జాకెట్ ఫోటో కూడా కొలతలు ఎక్కాక అంత అవసరం లేదు, మెడ డిజైన్ ప్రత్యేకంగా ఉంటే తప్ప. ఇది చాకిరీ, దాచను. రోజుకి పదిమందివి చేసినా నెలలు పడుతుంది. అయితే అందరివీ చేయక్కర్లేదు. రెండేళ్లుగా రాని కస్టమర్ కొలతలు ఎలాగూ మళ్లీ తీసుకోవాల్సిందే, మనిషి ఒళ్లు అలాగే ఉండదు కదా, పెళ్లికి ముందు తీసిన కొలతతో బాలింతకి కుట్టలేరు. కాబట్టి నోట్స్‌ని తేదీల వరుసలో పెట్టి, ఈ రెండేళ్లలో వచ్చినవాళ్లవి మాత్రం అక్షరాల్లోకి మార్చండి, అంతకుముందువి పీడీఎఫ్ తీసి బయట పెట్టి, కాపీ తెరుచుకుంటోందా లేదా అని నాలుగైదు తెరిచి చూసి, అప్పుడు ఫోన్‌లోంచి తీసేయండి. చూడకుండా తీసేయొద్దు. పీడీఎఫ్‌కి కస్టమర్ పేరు, ఫోన్ నంబర్ చివరి నాలుగు అంకెలు పెడితే ఎప్పుడో ఒకావిడ మూడేళ్ల తర్వాత వచ్చి "నాది పాత కొలతే ఉంచండి" అన్నా వెతకడం తేలిక. తీసేశాక నోట్స్ ట్రాష్ ఖాళీ చేస్తేనే చోటు కనిపిస్తుంది, దానికి ఒక వారం ఆగినా నష్టం లేదు, ఈలోపు తప్పు జరిగి ఉంటే తెలుస్తుంది.

ఇంటాయన చెప్పిన పుస్తకం మాటని మీరు కోపంగా కొట్టిపారేశారు. వరదలో రిజిస్టర్లు పోయిన మనిషికి మళ్లీ పుస్తకం అంటే మండడం సహజమే. కానీ ఆయన మాటలో "అన్నీ డిలీట్ చేసేసి" అన్నది వదిలేస్తే మిగతాది పిచ్చి సలహా కాదు. రెగ్యులర్ కస్టమర్ల కొలతలు ఒక లాంగ్ బుక్‌లో, అంకెలు మాత్రమే, ఒక లైన్‌కి ఒక మనిషి చొప్పున రాసి, పై అంతస్తులో ఎక్కడైనా పెడితే, కరెంటు పోయినా, ఫోన్ పోయినా షాపు నడుస్తుంది. రాయమని ఆయనకే చెప్పండి, సలహా ఇచ్చింది ఆయనే కదా.

అబ్బాయి ఇస్తానన్న కొత్త ఫోన్ సంగతి. ఇస్తే తీసుకోండి, మొహమాటం వద్దు, 64 జీబీ ఫోన్‌తో మీ పని ఇక కష్టమే. కానీ ఏ ఫోన్ అన్నది ముఖ్యం. సామ్‌సంగ్ నోట్స్ సామ్‌సంగ్ ఫోన్ల కోసం చేసింది. అతను వేరే కంపెనీ ఫోన్ పంపితే ఆ నోట్స్ అందులో తెరుచుకోవు, పీడీఎఫ్‌లుగా చూసుకోవడం తప్ప మార్గం ఉండదు, ఐదేళ్ల నోట్స్ పాత ఫోన్‌లో ఇరుక్కుపోతాయి. సామ్‌సంగ్‌దే అయితే పాత ఫోన్‌లోవి కొత్తదాంట్లోకి మార్చే స్మార్ట్ స్విచ్ అనే సామ్‌సంగ్ యాప్‌తో నోట్స్‌తో సహా దాదాపు అన్నీ మారిపోతాయి, అదే మీకు శ్రమ తక్కువ. అలా మార్చినప్పుడు మిషన్ మోత రికార్డింగులు, గుడ్ మార్నింగ్ ఫోటోలు కూడా భద్రంగా కొత్త ఫోన్‌లోకి వస్తాయి, అందుకే మార్చే ముందు వాట్సాప్ గ్రూపులైనా తీసేయండి. వేరే కంపెనీదే కొనాల్సి వస్తే, లేదా ఏ కంపెనీ అయినా ఇకమీద బాధ లేకుండా ఉండాలనుకుంటే, కొత్త కస్టమర్ల కొలతలని గూగుల్ కీప్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఏ ఫోన్‌లోనైనా నడిచేదాంట్లో రాయడం మొదలుపెట్టండి. కొలతలకి షీట్ చాలా బాగుంటుంది, అడ్డం వరుసలో ఒక మనిషి, నిలువు గడుల్లో కొలతలు, పేరు కొడితే దొరుకుతుంది, మీ దగ్గర పనిచేసే అమ్మాయి తన ఫోన్‌లోనూ చూడొచ్చు. పాతవి సామ్‌సంగ్‌లో, కొత్తవి షీట్‌లో అని కొన్నాళ్లు రెండు చోట్ల వెతుక్కోవాల్సి వస్తుంది, అది దీని ఖర్చు.

అబ్బాయితో మాట్లాడేటప్పుడు "ఫోన్ పనిచేయట్లేదురా" అని కాకుండా "నోట్స్ మొత్తం వేరే చోట కాపీ పెట్టాలి, అకౌంట్ ఎవరిదో చూడు, కొత్తది కొంటే సామ్‌సంగ్‌దే కొను" అని ఈ మూడూ చెప్పండి. అతను విసుక్కుంటున్నది మీ మీద కాదనుకుంటాను, ఫోన్‌లో బెంగళూరు నుంచి ఏం చేయాలో అర్థంకాక. అడగాల్సింది తేల్చి అడిగితే ఒక ఆదివారం కూర్చుని చేసి పెడతాడు.

పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వాలన్నా, రిపేర్ షాపులో వదలాలన్నా ఇంకో జాగ్రత్త ఉంది. అందులో మీ కస్టమర్ల పేర్లు, నంబర్లు, ఒంటి కొలతలు, ట్రయల్ వేసుకున్నప్పుడు తీసిన ఫోటోలు ఉన్నాయి. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి అవి. ఫోన్ లాక్ తీసి షాపులో వదిలేసి కూరగాయలకి వెళ్లకండి, ఎదురుగా కూర్చుని చేయించుకోండి. ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేముందు అన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయని రెండు మూడు వారాలు వాడి చూశాక, మీ అకౌంట్లు తీసేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. షాపతను చెప్పిన ఫార్మాట్‌కి సరైన సమయం అదే.